ఆదివారం టేబుల్‌కు తగిన విజార్డ్: సబ్‌క్లాస్ ఎంచుకునే పద్ధతి

టేబుల్ చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ పాత్రల కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్‌లో విజార్డ్‌ను, అంటే మంత్రగాడి పాత్రను, తయారుచేసుకున్నవారికి ఆట మొదలైన కొద్ది వారాలకే ఒక పెద్ద నిర్ణయం ఎదురవుతుంది. 2014 నాటి నిబంధనల ప్రకారమైతే రెండో లెవెల్‌లో, 2024లో సవరించిన నిబంధనల ప్రకారమైతే మూడో లెవెల్‌లో విజార్డ్ తన ప్రత్యేక విద్యను, అంటే సబ్‌క్లాస్‌ను, ఎంచుకోవాలి. ఆ తర్వాత 6, 10, 14 లెవెల్స్‌లో ఆ విద్య మరికొన్ని శక్తులను ఇస్తూ పోతుంది. ఈ ఎంపిక కోసం ఇంటర్నెట్‌లో ర్యాంకింగ్ జాబితాలు కొల్లలుగా దొరుకుతాయి. అవి తప్పని నేననను గాని, వాటిని రాసినవారి కళ్ల ముందు ఉన్న టేబుల్ వేరు, విశాఖ ఎంవీపీ కాలనీలో ఎవరి ఫ్లాట్ హాల్లోనో ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలపాటు కూర్చునే మన టేబుల్ వేరు. కాబట్టి ముందుగా టేబుల్‌ను చదవాలి, ఆ తర్వాతే విద్యల జాబితా తెరవాలి.

కొత్తవారిలో ఉన్న ఒక అపోహను మొదటే తీసేయడం మంచిది. ఎవొకేషన్ (నిప్పు, మెరుపు వంటి దాడుల విద్య) ఎంచుకున్న విజార్డ్ ఎవొకేషన్ స్పెల్స్ (మంత్రాలు) మాత్రమే వేయాలన్న నియమం ఐదో ఎడిషన్‌లో లేదు. ఏ విద్య తీసుకున్నా విజార్డ్ జాబితాలోని స్పెల్స్ అన్నీ నేర్చుకోవచ్చు, అన్నీ వేయవచ్చు. శవాలను లేపే విద్య నేర్చిన నెక్రోమాన్సర్ ఫైర్‌బాల్ అనే నిప్పు స్పెల్ వేసినా, ఎవొకేషన్ నేర్చిన ఎవోకర్ అస్థిపంజరాన్ని లేపినా అడిగేవారు లేరు. సబ్‌క్లాస్ చేసేదల్లా కొన్ని రకాల స్పెల్స్‌కు పదును పెట్టడం, వాటితో పాటు స్పెల్ కాని ఒకటి రెండు సామర్థ్యాలు ఇవ్వడం. అందువల్ల "నాకు ఏ స్పెల్స్ ఇష్టం" అన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. "ఈ అదనపు సామర్థ్యాన్ని నేను ప్రతి ఆదివారం వాడగలనా" అన్నదే అడగవలసిన ప్రశ్న.

మీ డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపే వ్యక్తి) ఏ సంవత్సరం నిబంధనలతో ఆడిస్తున్నారో ముందు ఖాయం చేసుకోవాలి. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో అబ్జురేషన్ (రక్షణ), కాన్జురేషన్ (రప్పించడం), డివినేషన్ (జోస్యం), ఎన్‌చాంట్‌మెంట్ (వశీకరణ), ఎవొకేషన్, ఇల్యూజన్ (భ్రమ), నెక్రోమాన్సీ (మరణ విద్య), ట్రాన్స్‌మ్యుటేషన్ (రూపాంతరం) అని ఎనిమిది విద్యలున్నాయి. 2024 పుస్తకంలో అబ్జురర్, డివైనర్, ఎవోకర్, ఇల్యూజనిస్ట్ అనే నలుగురే మిగిలారు. పుస్తకం కొనకుండా, ఉచితంగా దొరికే నియమావళి పత్రం మీదే ఆధారపడే టేబుల్ అయితే అందులో విజార్డ్‌కు ఎవొకేషన్ ఒక్కటే ఉంటుంది, ఇక ఎంపిక బాధే లేదు. పేరు ఒకటే అయినా రెండు పుస్తకాల మధ్య లోపలి అమరిక మారిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మనవాళ్లను వదిలేసి శత్రువులను మాత్రమే కాల్చే స్కల్ప్ట్ స్పెల్స్ అనే శక్తి పాత పుస్తకంలో రెండో లెవెల్‌లోనే వచ్చేది, కొత్త పుస్తకంలో ఆరో లెవెల్ దాకా రాదు. ఫైర్‌బాల్ మాత్రం రెండింటిలోనూ ఐదో లెవెల్‌లోనే చేతికి వస్తుంది. అంటే కొత్త నిబంధనల్లో ఎవోకర్ ఒక లెవెల్ పాటు, చేతిలో నిప్పు ఉండి అదుపు లేని స్థితిలో గడపాలి. మీ కథ ఐదో లెవెల్‌లోనే ముగిసేదైతే, ఏ శక్తిని చూసి ఆ విద్యను తీసుకున్నారో అది మీకు అందనే అందదు.

ఇక్కడి నుంచే రెండో లెక్క మొదలవుతుంది: ఈ కథ ఏ లెవెల్ దాకా సాగుతుంది? డీఎంను ఇది సూటిగా అడగడంలో తప్పేమీ లేదు. పరీక్షలు, ఉద్యోగాల బదిలీలు, పెళ్లిళ్లు, హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయే మిత్రులు, ఇవన్నీ కలిసి మన దగ్గర ఎక్కువ ఆటలను పదో లెవెల్‌కు ముందే ఆపేస్తాయి. కాబట్టి 14వ లెవెల్‌లో వచ్చే మహాశక్తిని చూసి విద్యను ఎంచుకోవడం, కట్టని మేడలో పై అంతస్తు గదికి రంగు ఎంచుకోవడం లాంటిది. ఇల్యూజనిస్ట్‌కు 14వ లెవెల్‌లో తన భ్రమలోని ఒక వస్తువును నిమిషం పాటు నిజం చేసే శక్తి వస్తుంది. చదవడానికి అంతకన్నా మంచి శక్తి ఇంకొకటి లేదు గాని, అది అందుకున్న విజార్డ్‌ను చూసినవారు మన చుట్టుపక్కల అరుదు. మొదటి శక్తికి, ఆరో లెవెల్ శక్తికి ఎక్కువ మార్కులు వేయండి, పదో లెవెల్‌కు కొన్ని వేయండి, ఆపైవాటిని సరదాగా చదివి పక్కన పెట్టండి.

మూడో లెక్కను చాలామంది వేయరు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. కథలో ఒక లాంగ్ రెస్ట్‌కు (పాత్రలు రాత్రి పడుకుని శక్తులు నింపుకునే విశ్రాంతి) మరో లాంగ్ రెస్ట్‌కు మధ్య మీ టేబుల్ ఎన్ని ఆదివారాలు ఆడుతుంది? కథలోని ఒక రోజులో ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కఠిన ఘట్టాలను ఒక బృందం తట్టుకోగలదని 2014 డీఎం పుస్తకం అంచనా వేసింది. మూడు గంటల ఆటలో అన్ని ఘట్టాలు జరగవు. టీ, పకోడీ, గత వారం ఏం జరిగిందన్న నెమరువేత పోగా ఒక పెద్ద పోరాటం, ఒక సంభాషణ జరిగితే గొప్ప. అప్పుడు రెండు రకాల డీఎంలు కనిపిస్తారు. ఒకరు ప్రతి ఆట చివర అందరినీ పడుకోబెట్టి, మరుసటి ఆదివారం కొత్త ఉదయంతో మొదలుపెడతారు. మరొకరు కథలోని ఒకే రోజును మూడు నాలుగు ఆదివారాలు సాగదీస్తారు. లాంగ్ రెస్ట్‌తో నిండే శక్తులు మొదటివారి దగ్గర పండుగ చేసుకుంటాయి, రెండోవారి దగ్గర పస్తుంటాయి. మొదటి రకం టేబుల్‌లో డివినేషన్‌ను మించింది లేదు. రెండో రకం టేబుల్‌లో, ఖర్చు లేకుండా ప్రతిసారీ పనిచేసే స్కల్ప్ట్ స్పెల్స్ లాంటివి నిలబడతాయి.

డివినేషన్ విజార్డ్ శక్తి పేరు పోర్టెంట్. లాంగ్ రెస్ట్ ముగిసినప్పుడు రెండు డి20 (ఇరవై ముఖాల) పాచికలు వేసి ఆ అంకెలను రాసి పెట్టుకుంటారు. ఆ రోజులో మీరుగాని, మీ కంటికి కనిపించే ఎవరైనాగాని వేయబోయే దాడి పాచికను, సేవింగ్ త్రోను (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచిక), ఎబిలిటీ చెక్‌ను (ఏదైనా పని సాధించడానికి వేసే పాచిక) తీసేసి దాని స్థానంలో మీ అంకెను పెట్టవచ్చు. ఒక ఉదాహరణ చూద్దాం. డీఎం కథను బొర్రా గుహల వంటి సున్నపురాతి గుహలో పెట్టారనుకోండి. ఉదయం మీ పాచికలు 4, 17 చూపాయి. గుహ చివర దొంగల నాయకుడు నిలబడి ఉన్నాడు. మీరు ఐదో లెవెల్, ఇంటెలిజెన్స్ 18, కాబట్టి మీ స్పెల్‌ను తప్పించుకోవడానికి అతను 15 తెచ్చుకోవాలి. మీరు మనిషిని కదలనివ్వని హోల్డ్ పర్సన్ స్పెల్ వేసి, అతను పాచిక తీయకముందే "ఇతనికి నాలుగు" అని చెబుతారు. అతని విజ్డమ్ వల్ల రెండు కలిసినా మొత్తం ఆరే అవుతుంది, అతను కదలలేక నిలబడిపోతాడు, మీ ఫైటర్ (యోధుడు) పక్కకు చేరి కొట్టిన ప్రతి దెబ్బా క్రిటికల్ (దెబ్బ పాచికలు రెట్టింపయ్యేది) అవుతుంది. ఆ 17ను దాచుకుని, తర్వాత ఎవరైనా నేల కూలి మరణపు సేవింగ్ త్రో వేయవలసి వచ్చినప్పుడు ఇవ్వవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. పాచిక పడకముందే చెప్పాలి, పడ్డాక చెబితే చెల్లదు. తన వంతు కానప్పుడు ఫోన్ చూసుకునే అలవాటున్న ఆటగాడికి ఈ విద్య దండగ, ఎందుకంటే దీని విలువంతా ఇతరుల వంతుల్లోనే ఉంది. ఇంకొక హెచ్చరిక: పెద్ద లెవెల్స్‌లో లెజెండరీ రెసిస్టెన్స్ ఉన్న రాక్షసులు, ఓడిన సేవింగ్ త్రోను గెలిచినట్టు మార్చేసుకోగలరు. అలాంటివారిపై మీ 4ను పెడితే వాళ్ల నిల్వలో ఒకటి తగ్గుతుందంతే.

ఎవొకేషన్‌ను "బుర్ర అక్కరలేని విద్య" అని తక్కువ చేసి మాట్లాడేవారున్నారు, నేను ఒప్పుకోను. ఫైర్‌బాల్ వ్యాసార్ధం 20 అడుగులు. ఐదడుగుల గళ్లున్న మ్యాట్ మీద అది ఎనిమిది గళ్ల వెడల్పు, అంటే టీపాయ్ మీద పరిచిన గుహలో దాదాపు సగం. దాని దెబ్బ 8డి6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది), సగటున 28. ఐదో లెవెల్‌లో కాన్స్టిట్యూషన్ (దేహ దారుఢ్యం) 14 ఉన్న విజార్డ్ ప్రాణమే సగటు లెక్కన 32. కాబట్టి ఇరుకైన చోట, మనవాళ్లు శత్రువులతో కలగలిసి ఉన్నప్పుడు, మామూలు విజార్డ్ ఆ స్పెల్‌ను మడిచి పెట్టుకోవలసిందే. ఎవోకర్ మాత్రం స్పెల్ లెవెల్‌కు ఒకటి కలిపి, అంటే మూడో లెవెల్ స్పెల్ అయిన ఫైర్‌బాల్‌కు (స్పెల్ లెవెల్, పాత్ర లెవెల్ ఒకటి కావు) నలుగురిని, మంటలో నుంచి మినహాయించగలడు. ఐదుగురు ఆటగాళ్ల టేబుల్‌లో మిమ్మల్ని తీసేస్తే మిగిలేది సరిగ్గా నలుగురే. ఆరుగురుంటేనో, ఎవరైనా కుక్కనో గుర్రాన్నో వెంటబెట్టుకుని వస్తేనో లెక్క తప్పుతుంది. నాలుగో లెవెల్ స్లాట్ (స్పెల్ వేయడానికి ఖర్చయ్యే అవకాశం) వాడి వేస్తే ఐదుగురిని కాపాడవచ్చు. మీ బృందంలో ఇద్దరు ముగ్గురు ముందుకు దూకి కత్తి తిప్పేవారైతే ఎవొకేషన్ మీకోసమే తయారైంది. అందరూ దూరం నుంచి బాణాలు వేసేవారైతే ఇదే విద్యలో సగం బలం వృథా అవుతుంది, ఎందుకంటే శత్రువుల మధ్య మనవాళ్లెవరూ ఉండరు.

బృందంలో ఎవరున్నారన్నది కాగితం మీద కాకుండా కుర్చీల్లో లెక్కపెట్టాలి. గాజువాక వైపు నుంచి వచ్చే, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసే మిత్రుడు మీ క్లెరిక్ (వైద్యం చేసే పూజారి పాత్ర) అయితే, ఆయనకు బి షిఫ్టు పడిన ఆదివారం మీ బృందానికి వైద్యం లేనట్టే. యూనివర్సిటీ విద్యార్థి మీ ఫైటర్ అయితే సెమిస్టర్ పరీక్షల నెలలో ముందు వరుస ఉండదు. ఇలా హాజరు ఎగుడుదిగుడుగా ఉండే టేబుల్‌కు నా ఓటు అబ్జురేషన్‌కే. ఆర్కేన్ వార్డ్ అనే కవచం ఈ విద్యకు ప్రాణం. దాని బలం విజార్డ్ లెవెల్‌కు రెట్టింపు, దానికి ఇంటెలిజెన్స్ మాడిఫైయర్ (ఆ గుణం అంకెను బట్టి వచ్చే అదనం, 16కు 3, 18కు 4) కలిపి లెక్కిస్తారు. రెండో లెవెల్‌లో ఇంటెలిజెన్స్ 16 ఉంటే కవచం 7. అదే లెవెల్‌లో కాన్స్టిట్యూషన్ 14 ఉన్న విజార్డ్ ప్రాణం సగటున 14 కాబట్టి, ఉన్న ప్రాణానికి సగం అదనంగా వచ్చినట్టు. ఆరో లెవెల్‌లో, ఇంటెలిజెన్స్ 18తో, అది 16 అవుతుంది, పైగా అప్పటి నుంచి 30 అడుగుల లోపు ఉన్న మిత్రుడికి తగలబోయే దెబ్బను కూడా రీయాక్షన్‌తో (ఇతరుల వంతులోనూ చేయగల తక్షణ చర్య) ఆ కవచం మీదికి తీసుకోవచ్చు. క్లెరిక్ రాని ఆదివారం ఇది ఎంత పని చేస్తుందో ఒకసారి చూసినవారికి మళ్లీ చెప్పనవసరం లేదు.

కవచం తరిగినప్పుడు అబ్జురేషన్ స్పెల్ వేస్తే, ఆ స్పెల్ లెవెల్‌కు రెట్టింపు తిరిగి నిండుతుంది. 2014 నిబంధనల్లో ఇక్కడొక కిటుకు ఉంది. అలారమ్ అనే మొదటి లెవెల్ స్పెల్‌ను రిచువల్‌గా (తీరిగ్గా, ఒక తంతుగా) వేస్తే స్లాట్ ఖర్చు కాదు, 11 నిమిషాలు పడుతుంది, ప్రతిసారీ కవచానికి 2 కలుస్తుంది. రెండో లెవెల్‌లో ఖాళీ అయిన 7ను నింపడానికి నాలుగుసార్లు, అంటే ముప్పావు గంట చాలు. 2024 పుస్తకం ఈ దారి మూసేసింది, స్లాట్ ఖర్చు చేస్తేనే కవచం నిండుతుంది. అయితే స్పెల్ వేయకుండా స్లాట్‌ను నేరుగా కవచంలో పోసే వీలు బోనస్ యాక్షన్‌గా (వంతులో అదనంగా చేసే చిన్న పనిగా) ఇచ్చింది. పాత పుస్తకంతో ఆడుతున్నా ఈ కిటుకు గురించి డీఎంకు ముందుగా చెప్పడం మర్యాద.

ఇల్యూజన్ బలం మీ చేతిలో కన్నా డీఎం చేతిలో ఎక్కువ ఉంటుంది. గోడ బొమ్మ గీసినప్పుడు గోబ్లిన్‌లు వెనక్కి తగ్గుతాయా, లేక ప్రతివాడూ ఆగి పరీక్ష చేస్తాడా అన్నది ఏ పుస్తకమూ తేల్చదు. అదృష్టవశాత్తు దీన్ని ముందే పరీక్షించుకోవచ్చు. మొదటి లెవెల్‌లోనే మైనర్ ఇల్యూజన్ అనే క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చు లేని చిన్న స్పెల్) తీసుకుని, రెండు మూడు ఆటల్లో దాన్ని వేర్వేరుగా వాడి చూడండి. డీఎం దానికి స్పందించి కథలో చోటు ఇస్తుంటే నిశ్చింతగా ఇల్యూజనిస్ట్ అవ్వండి. ప్రతిసారీ "వాడు నమ్మలేదు" అన్న జవాబే వస్తుంటే, వాదన పెట్టుకోకుండా మరో విద్య చూసుకోండి.

నెక్రోమాన్సీ గురించి మాట్లాడేటప్పుడు గడియారం చూడాలి. ఐదో లెవెల్‌లో శవాలను లేపే యానిమేట్ డెడ్ స్పెల్ అందుబాటులోకి వస్తుంది, ఆరో లెవెల్ నుంచి నెక్రోమాన్సర్ దాన్ని వేసినప్పుడల్లా ఒక శవాన్ని అదనంగా లేపగలడు, వాటికి ప్రాణం, దెబ్బ రెండూ పెరుగుతాయి. కానీ లేపిన ప్రతి అస్థిపంజరం ఒక పాచిక, ఒక కదలిక, ఒక దాడి. మూడు గంటల ఆటలో మీ ఆరుగురు ఎముకల భటుల వంతు నడుస్తుండగా మిగతావారు చల్లారిన టీ తాగుతూ కూర్చోవాలి. దానికి తోడు 24 గంటలకొకసారి స్పెల్ మళ్లీ వేయకపోతే అవి మీ మాట వినడం మానేస్తాయి. పాలడిన్ (ధర్మనిష్ఠ గల యోధుడు) ఉన్న బృందమైతే ముందు ఆ ఆటగాడితో మాట్లాడుకోవాలి. అయినా మీ డీఎం భీమిలి డచ్చి సమాధుల వంటి చోట ఒక రాత్రి కథ నడపాలని ఉవ్విళ్లూరుతున్నట్టు తెలిస్తే, ఈ హెచ్చరికలన్నీ పక్కన పెట్టి నెక్రోమాన్సర్‌ను తీసుకోండి. ఆ రాత్రి మీదే అవుతుంది. కాకపోతే ఇద్దరు భటులకు మించి పోషించకండి.

మిగిలినవాటిలో ఎన్‌చాంట్‌మెంట్ తొలి శక్తి శత్రువుకు ఐదడుగుల దూరంలో నిలబడితేనే పనిచేస్తుంది, డి6 (లెవెల్‌కు ఒక ఆరు ముఖాల పాచిక) ప్రాణంతో అక్కడ నిలబడటం సాహసమే. రాజసభలు, బేరాలు, గూఢచర్యం నిండిన కథలో మాత్రం అది వెలుగుతుంది. కాన్జురేషన్ ఆరో లెవెల్‌లో 30 అడుగుల మాయపు గెంతు ఇస్తుంది, అది సరదాగా ఉంటుంది గాని టేబుల్‌ను మార్చదు. ట్రాన్స్‌మ్యుటేషన్‌లో ఆరో లెవెల్ రాయి ఒక్కటే గట్టిది, కాన్సన్‌ట్రేషన్ (సాగుతున్న స్పెల్ మీది ఏకాగ్రత) నిలుపుకోవడానికి కాన్స్టిట్యూషన్ సేవింగ్ త్రోలో నైపుణ్యం ఇస్తుంది. అంతకు ముందు నాలుగు లెవెల్స్ ఓపిక పట్టాలి.

తర్వాతి పుస్తకాల్లో వచ్చిన విద్యలకు డీఎం అనుమతి తప్పనిసరి. 2017లో వచ్చిన వార్ మ్యాజిక్ ఆలోచించకుండా తీసుకోదగ్గది. రీయాక్షన్‌తో ఆర్మర్ క్లాస్‌కు (దాడి తగలకుండా కాచే అంకె) 2 గాని, సేవింగ్ త్రోకు 4 గాని కలుపుకోవచ్చు, బదులుగా మీ తర్వాతి వంతు ముగిసేదాకా క్యాంట్రిప్స్‌కే పరిమితం కావాలి. బ్లేడ్‌సింగర్ కత్తి పట్టిన విజార్డ్, ముందు వరుసలో ఎవరూ లేని టేబుల్‌లో ఆకర్షణీయంగా కనిపిస్తాడు. కానీ ప్రాణం డి6 దగ్గరే ఆగిపోయిందని మరచినవారు త్వరగా కొత్త పాత్ర రాసుకోవలసి వస్తుంది.

3.5 ఎడిషన్‌తో ఆడే పాత టేబుల్ అయితే లెక్కే వేరు. అక్కడ విద్యలో ప్రత్యేకత మొదటి లెవెల్‌లోనే తీసుకోవాలి, ప్రతి స్పెల్ లెవెల్‌కు రోజుకు ఒక స్పెల్ అదనంగా వస్తుంది, బదులుగా రెండు విద్యలను పూర్తిగా వదులుకోవాలి. డివైనర్‌కు మాత్రం ఒకటి వదిలితే చాలు. ఆపైన లోర్‌మాస్టర్, ఆర్క్‌మేజ్ వంటి ప్రెస్టీజ్ క్లాసులు (అర్హత సాధించాక చేరే ప్రత్యేక క్లాసులు) ఉన్నాయి, వాటి అర్హతలైన ఫీట్లు (ప్రత్యేక సామర్థ్యాలు), స్కిల్ ర్యాంకులు మొదటి లెవెల్ నుంచే పోగుచేసుకోవాలి. వాటిని ఎంచేటప్పుడు చూడవలసింది ఒక్కటే: ఎన్ని కాస్టర్ లెవెల్స్ (స్పెల్ శక్తి పెరిగే లెవెల్స్) పోతాయి? క్లెరిక్ స్పెల్స్, విజార్డ్ స్పెల్స్ రెండూ ఇచ్చే మిస్టిక్ థీర్జ్‌కు అర్హత సంపాదించాలంటే సాధారణంగా మూడు లెవెల్స్ విజార్డ్‌గా, మూడు లెవెల్స్ క్లెరిక్‌గా గడపాలి. ఆ తర్వాత జీవితాంతం మామూలు విజార్డ్ కన్నా మూడు లెవెల్స్ వెనకే నడవాలి. తక్కువ లెవెల్స్‌లో ముగిసే కథకు అది పనికిరాదు.

విద్య ఖాయమయ్యాక మిగిలేది స్పెల్‌బుక్, అంటే విజార్డ్ స్పెల్స్ రాసుకునే పుస్తకం. లెవెల్ పెరిగినప్పుడల్లా రెండు స్పెల్స్ ఉచితంగా రాసుకోవచ్చు, దొరికిన స్పెల్స్‌ను నకలు చేసుకోవాలంటే ఒక్కో స్పెల్ లెవెల్‌కు 2 గంటలు, 50 గోల్డ్ ఖర్చవుతుంది. 2014 నిబంధనల్లో మీ విద్యకు చెందిన స్పెల్ అయితే రెండూ సగానికి తగ్గుతాయి, కాబట్టి మూడో లెవెల్ స్పెల్‌కు 150 బదులు 75 గోల్డ్, 6 గంటల బదులు 3 గంటలు. ఇందువల్ల ఉచితంగా వచ్చే రెండింటిలో కనీసం ఒకటి ఇతర విద్యల నుంచి తీసుకుని, మీ విద్యకు చెందినవాటిని దొరికినప్పుడు చవకగా నకలు చేసుకోవడం లాభం. స్క్రోల్స్, శత్రువుల స్పెల్‌బుక్స్ అసలు దొరకనివ్వని డీఎం అయితే ఈ సూత్రం తలకిందులవుతుంది, అప్పుడు ఆ రెండూ మీ విద్య శక్తిని నడిపించేవే కావాలి. అబ్జురర్ అయితే షీల్డ్, అలారమ్ మొదటి రోజు నుంచే ఉండాలి. డివైనర్‌కు ఆరో లెవెల్ నుంచి, రెండో లెవెల్ లేదా అంతకు పైబడిన డివినేషన్ స్పెల్ వేసినప్పుడల్లా అంతకన్నా చిన్న స్లాట్ ఒకటి తిరిగి వస్తుంది, కాబట్టి మీ మూడో లెవెల్‌లోనే డిటెక్ట్ థాట్స్ అనే రెండో లెవెల్ డివినేషన్ స్పెల్ రాసుకుని ఉంచాలి. ఎవోకర్ అయితే ఫైర్‌బాల్ ఎలాగూ రాసుకుంటారు. దాని పక్కన నిప్పు కానిది ఒకటి, లైట్నింగ్ బోల్ట్ అయినా సరే, ఉండాలి, నిప్పు అంటని రాక్షసులను దాచి ఉంచని డీఎం ఉండరు గనుక.